రిజిస్టరు వరుసలో పదిహేడో పేజీ

ఆ రోజుల్లో నాకు కోపం ముక్కు మీదే ఉండేది. కాకపోతే అది ఎవరి మీద రావాలో వాళ్ళ మీద తప్ప మిగతా అందరి మీదా వచ్చేది. డిగ్రీ అయిపోగానే గిద్దలూరులో ఒక ప్రైవేటు కాలేజీ కంప్యూటర్ ల్యాబులో చేరాను. పొద్దున కొమరోలు నుంచి బస్సు, సాయంత్రం మళ్ళీ బస్సు. కాలేజీకి కొత్తగా వెబ్‌సైటు పెట్టించి నన్ను దానికి ఇన్‌ఛార్జిని చేశారు (ఇన్‌ఛార్జి అంటే అక్కడ ప్రింటర్లో ఇరుక్కున్న కాగితం లాగేవాడని కూడా అర్థం). అందులో ప్రతి లెక్చరరూ తన పేరు మీద ఒక పేజీ తయారుచేసుకోవచ్చు. చదువు, అనుభవం, ఒక ఫోటో, అంతే. కాని ముందు నేను నా లాగిన్‌లోకి వెళ్ళి వాళ్ళ పేరు పక్కన గడిలో టిక్కు పెట్టాలి. టిక్కు పడందే పేజీ తెరుచుకోదు.

ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిచి, "రిజిస్టర్లో సంతకాలు ఎట్ల పెడతారో అదే వరసలో ఇయ్యి. ముందు నాది, తర్వాత వైస్ ప్రిన్సిపాల్ సారుది, అట్ల కిందికి రా" అన్నారు. ఆ కాలేజీలో హాజరు రిజిస్టరు వరసంటే మామూలు విషయం కాదు. పైవాళ్ళు రాకముందే కిందివాళ్ళు సంతకం పెడితే తలపొగరు కింద లెక్క. తొమ్మిదింటికే వచ్చినవాళ్ళు కూడా పెన్ను పట్టుకుని పెద్దసార్ల కోసం కాచుకునేవాళ్ళు. సరే, ముందు ఆయన పేజీ కావాలి కదా. దానికి సూటులో ఫోటో కావాలట. సూటేమో మార్కాపురంలో కుట్టడానికిచ్చారు, ఆ టైలరు బంధువుల పెళ్ళికి పోయి తిరిగి రాలేదు. అట్లా ఒక సూటు కోసం కాలేజీలో ఒక్కరికీ పేజీ లేకుండా పోయింది.

రిజిస్టర్లో పదిహేడో పేరు, అంటే చిట్టచివరి పేరు, బాటనీ అక్కది. అర్ధవీడు దగ్గర పల్లె, అమ్మానాయనలు కూలికి పోతారు, ఆ ఇంట్లో పీజీ చదివిన మొదటి మనిషి. ఏటా వేసవిలో తీసేసి జూన్‌లో మళ్ళీ పిలిచే గెస్ట్ లెక్చరరు. పొదిలిలో ఒక కాలేజీలో పర్మనెంటు పోస్టు పడింది. దరఖాస్తులో, ఇప్పుడు పనిచేసే కాలేజీ వెబ్‌సైటులో తన పేజీ లింకు ఇవ్వాలి. గడువు శుక్రవారం సాయంత్రం ఐదు. సోమవారమే నాకు చెప్పింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ప్రిన్సిపాల్ గదిలోకి విసురుగా వెళ్ళి, చాలా మెల్లగా, "సార్, ఆ ఒక్క పేజీ ముందు ఇద్దామా" అన్నాను. "పదహారు మందిని దాటుకోని ఆయమ్మ ముందొస్తే రేపు వాళ్ళకి నేనేం చెప్పాలబ్బాయ్?" అన్నారాయన. "సరే సార్" అని బయటికొచ్చాను. ఇక నాలుగు రోజులు నా కోపం చూడాలి. బస్సులో కండక్టరుతో తగువు, ఇంట్లో పప్పులో ఉప్పు లేదని అమ్మ మీద అరుపు, టీ చల్లారిందని కాలేజీ ఎదురుగా కొట్టు నడిపే భాయి మీద చిరాకు. "నీకు టీ కాదు, మజ్జిగ కావాలబ్బాయా" అన్నాడు భాయి.

శుక్రవారం మధ్యాహ్నం అక్క ల్యాబుకొచ్చింది. నేను ప్రిన్సిపాల్‌ని, సూటుని, టైలర్ని, వాళ్ళ బంధువుల్ని వరసగా తిట్టాను. అంతా విని, "ఆ టిక్కు పెట్టేది ఎవరు తమ్ముడూ?" అంది.

"నేనే అక్కా."

"మరి నాలుగు దినాల నుంచి ఎవరి మీద అరస్తా ఉండావు?"

ఆమె గొంతు పెంచలేదు. నాకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. సిగ్గు, కోపం కలిసి ఏం చేశానంటే, ఆమె గడి వెతికే ఓపిక కూడా లేక, అన్నిటికీ పైనున్న 'అందరికీ' అనే గడిలో టిక్కు కొట్టేశాను. అక్క అక్కడే కూర్చుని పేజీ రాసుకుని, నాలుగింటికి దరఖాస్తు పంపింది. టిక్కు పడగానే అందరి ఫోన్లకీ మెసేజీ పోయినట్టుంది, ఈలోగా చూస్తే సైటులో పదహారు పేజీలు! వారమంతా "పద్ధతంటూ ఒకటుండాల నాయనా" అని నాకు నీతులు చెప్పిన కామర్స్ సారైతే, శాలువా కప్పించుకున్న ఫోటోతో పది నిమిషాల్లో దిగిపోయారు. అందరూ ఎప్పట్నుంచో ఫోటోలు సిద్ధం చేసుకునే కూర్చున్నారన్నమాట. లేనిది ప్రిన్సిపాల్ గారి పేజీ ఒక్కటే.

మర్నాడు ఆయన నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని ఒక్కొక్క పేజీ తీసేయించారు. పదిహేను పోయాయి. మిగిలింది అక్కది. పొదిలివాళ్ళు ఇంకా ఆ లింకు తెరిచి చూడాలి. నా చెయ్యి ఆగింది.

"అదేంది, అది పోలేదే?"

"దాన్ని తీయడానికి పర్మిషన్ లేదు సార్."

"ఎవరి పర్మిషను?"

"పైనుంచి రావాలి సార్."

పైన ఎవరూ లేరు. ఉన్నది నా లాగిన్ ఒక్కటే. కాని ఆ మాట వినగానే ఆయన ముఖంలో కోపం పోయి వినయం వచ్చింది. "అట్లనా. అయితే ముట్టుకోవద్దు" అని కుర్చీ జరుపుకుని లేచి వెళ్ళారు.

జూన్‌లో అక్క పొదిలిలో చేరింది. నేను కూడా ఆ మరుసటేడు అక్కణ్ణించి బయటపడ్డాను. ఇప్పుడు పెద్ద ఆఫీసులో నాలుగొందల మందికి అనుమతులిచ్చే సీట్లో ఉన్నాను. కోపం వస్తే మంచినీళ్ళు తాగి, నింపాదిగా ఒక మెయిలు రాసి, దాన్ని పంపకుండా దాచుకునేంత పెద్దమనిషినయ్యాను. అప్పటి నాలోని ఆ కుర్రాడు గుర్తొస్తే నవ్వొస్తుంది. చేతిలో పని చేయడానికి వాడికి నాలుగు రోజులు పట్టింది. నాకైతే ఈమధ్య ఇంకా ఎక్కువే పడుతోంది.