బసమ్మకు ఇచ్చిన మాట

సంజీవప్ప పెళ్లి పందొమ్మిది వందల యాభై రెండులో జరిగింది. పిల్లది హిందూపురం, పేరు బసమ్మ. రెండిళ్లదీ ఒకటే కులం, ఒకటే మగ్గం పని, కులదేవత చౌడేశ్వరమ్మ ఇద్దరికీ తల్లే. కాకపోతే ధర్మవరంలో వీళ్లు నామం పెట్టేవాళ్లు, ఇంటిదేవుడు కదిరి నరసింహస్వామి. హిందూపురంలో వాళ్లు విభూతి పూసుకుని మెడలో లింగం కట్టుకునేవాళ్లు. చచ్చినవాళ్లను వీళ్లు కాలుస్తారు. వాళ్లయితే మట్టిలో కూర్చోబెట్టి, అరచేతిలో లింగం ఉంచి పూడుస్తారు. పెళ్లి మాటల్లో ఇది ఎవరూ ఎత్తలేదు. బతకబోయే పిల్లల ముందు చావు మాటలెందుకని.

బసమ్మ పొద్దున్నే స్నానం చేసి, లింగాన్ని ఎడమ అరచేతిలో పెట్టుకుని నీళ్లు పోసి, పువ్వు పెడితేగానీ గుక్కెడు నీళ్లు తాగేది కాదు. అత్త రామాంజినమ్మకు మొదట్లో అది కంటగింపుగా ఉండేది.

"ఇంట్లో ఇంతమంది దేవుళ్లుంటే మెడలో ఇంకొకటెందుకే?" అనేది.

అంటూనే పెరట్లో తుమ్మిపూలు తనే కోసి పెట్టేది. శనివారం అత్త ఒక్కపొద్దుంటే కోడలు పొయ్యి చూసుకునేది, సోమవారం కోడలుంటే అత్త.

అయిదో ఏడు బసమ్మకు కామెర్లొచ్చాయి. పసర్లు పోశారు, ఆసుపత్రికి తిప్పారు. మనిషి పసుపుముద్దలా అయిపోయింది. ఒక మధ్యాహ్నం మగ్గం ఆపి పక్కన కూర్చున్న మొగుడి చెయ్యి పట్టుకుంది.

"నన్ను కాల్చొద్దయ్యా. మంటంటే భయం కాదు. లింగం లేకుండా పోవల్లంటే భయంగా ఉండాది. మా అమ్మను కూర్చోబెట్టినట్ల నన్నూ కూర్చోబెట్టు."

"అవేం మాటలే?"

"మాటియ్యి."

ఇచ్చాడు.

ఒక శనివారం తెల్లవారుతూనే ఆమె ప్రాణం పోయింది. హిందూపురానికి తంతి కొట్టించి, సంజీవప్ప గుంత తవ్వే మనిషి కోసం బయలుదేరాడు. అన్న శ్రీరాములు గడపలో అడ్డం నిలబడ్డాడు.

"మతి ఉండాదా నీకు? మన ఇంట్లో పెద్దోళ్లను పూడ్చింది యాడన్నా చూసినావా?"

"ఆయమ్మ అడిగిందన్నా. మాటిచ్చినాను."

"ఈ ఇంటికొచ్చినంక ఈ ఇంటి మాదిరే పోవల్ల. నీ ఇష్టం నీదంటే, రేపు అమ్మ పాడె మోసేదానికి నిన్ను రానీను."

"వాళ్ల నాయన వచ్చేదాకన్నా ఆగుదాం."

"శనివారం శవాన్ని పెట్టుకోని కూచుంటారా ఎవరన్నా?"

సంజీవప్ప తల్లి వైపు చూశాడు. ఆమె ఒక్క మాట అంటే శ్రీరాములు నోరు మూసుకునేవాడే. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని నేలచూపులు చూసింది. సంజీవప్పకు కూడా మళ్లీ నోరు పెగల్లేదు. మధ్యాహ్నానికి శ్మశానంలో శ్రీరాములు బసమ్మ మెడలోని లింగం విప్పి అతని చేతిలో పెట్టాడు. రెండో చేత్తో అతను కొరివి పట్టుకున్నాడు.

మామ గురుమూర్తి వచ్చిన రైలు పెనుకొండలో రెండు గంటలు నిలిచిపోయింది. సాయంత్రం ఆయన విభూతి ఉండలు, బిల్వపత్రి మూటకట్టుకుని, గంట పట్టిన జంగమయ్యను వెంటబెట్టుకుని వచ్చాడు.

"యాడ కూర్చోబెట్టినారప్పా?" అని అడిగాడు.

సంజీవప్ప గుప్పిలి తెరిచాడు.

ముసలాయన తిట్టలేదు. లింగాన్ని చేతిలోకి తీసుకున్నాడు.

"ఇది లేకుండా యాడికి పోతుందప్పా నా బిడ్డ?" అన్నాడు.

దాన్ని పైగుడ్డలో చుట్టుకుని, ఆ ఇంట్లో మంచినీళ్లయినా ముట్టకుండా స్టేషనుకు నడిచిపోయాడు.

హిందూపురంలో ఆయన తన చేలో మనిషి కూర్చునేంత గుంత తవ్వించి, అందులో ఆ లింగం ఒక్కదాన్నే పెట్టి పూడ్చాడు. సంగతి తెలిసి సంజీవప్ప పోయాడు. మామ ఆ చోటు చూపించాడు, అన్నం పెట్టించాడు. పలకరించలేదు. ఆ తర్వాత అతను ధర్మవరంలో ఉండలేకపోయాడు. పెనుకొండలో చిన్న ఇల్లు తీసుకుని, మగ్గం అక్కడికి మార్చుకున్నాడు. మళ్లీ పెళ్లి చేసుకోలేదు.

అరవై అయిదులో రామాంజినమ్మకు పక్షవాతం వచ్చింది. చిన్నకొడుకు దగ్గరికే పోతానని పట్టుబట్టింది. సంజీవప్ప పోయి తీసుకొచ్చుకున్నాడు. స్నానం చేయించేవాడు, జుట్టు దువ్వేవాడు. ఒక పొద్దున గంజి తాగిస్తుంటే ఆమె గిన్నె పక్కకు తోసింది.

"సంజీవా, ఆ పొద్దు నేను ఒక్క మాట అనింటే..." నాలుక మడతపడి మిగతాది రాలేదు.

అతను గిన్నె మళ్లీ దగ్గరికి లాక్కున్నాడు.

"నేను అనింటేనూ సరిపోతాండెమ్మా," అన్నాడు.

ఆమె కంటినీరు తుడిచి, చల్లారిపోతున్న గంజిని మళ్లీ నోటికందించాడు.