ఆకు బొమ్మ పెట్టెలో నైలాన్ మేజోళ్లు

మీరు మా పిన్నిని కలిసి తీరాలి. కలిస్తే ఆవిడ ముందు మీ మొహం చూడదు, కాళ్లు చూస్తుంది. "రోజంతా నిలబడే ఉద్యోగమా? మడమ దగ్గర ఒరుసుకుంటోందా?" అని అడుగుతుంది. అది తప్పయిన రోజు నేనైతే చూడలేదు. మూడంతస్తుల బట్టల దుకాణంలో, మెట్ల పక్కనున్న మేజోళ్ల కౌంటర్ దగ్గర పంతొమ్మిదేళ్లు నిలబడింది మరి! తోటివాళ్లు ఆవిడకి పెట్టిన పేరు 'కాళ్ల డాక్టరు'.

ఆవిడ అమ్మే పద్ధతే వేరు. మేజోడు చేతికి తొడుక్కుని, లోపల వేళ్లు విప్పి, లైటుకి ఎదురుగా పట్టి చూపిస్తుంది.

"ఇది నైలాన్ అమ్మా. నున్నగానే ఉంటుంది, నాలుగుసార్లు వేసేసరికి నిలువునా చీలుతుంది. చెత్తలో పడేస్తే మన మునిమనవల కాలానికి కూడా చెక్కుచెదరదు. ఇదేమో నూలు. కాస్త మందం, అంతే. కాలికి గాలాడుతుంది, చిరిగితే కుట్టుకోవచ్చు, చివరికి మట్టిలో కలుస్తుంది. ఆపైన నీ ఇష్టం."

చాలామంది నూలువే తీసుకునేవాళ్లు.

ఈ ఏడాది కొత్త మేనేజర్ వచ్చాడు. వస్తూనే ఆకుపచ్చ పెట్టెల్లో కొత్త సరుకు దించాడు. పెట్టె మీద పెద్ద ఆకు బొమ్మ, దాని కింద 'అచ్చమైన నూలు, భూమికి మేలు' అని అక్షరాలు. మూతకి సీలు. సీలు చింపకూడదు, సరుకు బయటికి తీయకూడదు, పెట్టె పెట్టెగానే అమ్మాలి అని రూలు. రూలు పిన్నికి నచ్చలేదు. కానీ కౌంటర్ నిండా నూలు మేజోళ్లు వచ్చాయని ఎంత సంబరపడిందో! చేత్తో తడిమి చూడనిదే ఏదీ అమ్మని మనిషి, ఆకు బొమ్మని నమ్మి వారం రోజులు అవే అమ్మింది.

అప్పుడొచ్చింది ఒక నర్సు. ఆరేళ్లుగా పిన్ని దగ్గరే కొంటోంది. నైలాన్ ఆమె ఒంటికి అస్సలు పడదు. కౌంటర్ పక్కకి వచ్చి కాలు చూపించింది. మోకాలి దాకా ఎర్రటి దద్దుర్లు, గోకి గోకి పుండ్లు. ఆ కాళ్లతోనే రాత్రీ పగలూ వార్డులో డ్యూటీ.

"నువ్విచ్చావని కళ్లు మూసుకుని వేసుకున్నానక్కా," అంది.

పిన్ని నర్సు తెచ్చిన మేజోడు తీసుకుని, ఆమెని దుకాణం వెనక మెట్ల మీదికి తీసుకెళ్లింది. అందులోంచి ఒక పోగు లాగి అగ్గిపుల్ల గీసింది. నూలైతే కాగితంలా కాలి, వేళ్ల మధ్య బూడిదై రాలుతుంది. ఈ పోగు ముడుచుకుపోయి, కరిగి, గట్టి పూసలా బిగుసుకుంది.

పిన్ని తిన్నగా కౌంటర్‌కి వచ్చి అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాసింది: 'ఆకు బొమ్మ పెట్టెల్లో ఉన్నది నైలాన్. తెలియక అమ్మాను. కొన్నవాళ్లు తెచ్చి వెనక్కివ్వండి.'

కాసేపటికే మేనేజర్ ఊగిపోతూ దిగాడు.

"ఏంటమ్మా ఇది? నువ్వేమైనా సైంటిస్టువా?"

"కాదు సార్. నా దగ్గర అగ్గిపెట్టె ఉంది, అంతే."

"నూలు లేదని ఎవరన్నారు? నూటికి ఐదు పాళ్లుంది."

"బిందెడు నీళ్లలో గరిటెడు పాలు పోసిస్తే, పాలని తాగుతారా సార్?"

"కొనేవాళ్లకి తేడా తెలీదమ్మా!"

"ఆ నర్సు కాళ్లకి తెలిసింది కదా సార్."

మర్నాడు ఆవిడ చేతిలో ఒక కాగితం పెట్టారు. 'నాకు బట్టల గురించి అవగాహన లేదు. పొరపాటున కస్టమర్లను భయపెట్టాను. సరుకు మంచిదే.' సంతకం పెడితే కౌంటర్ ఉంటుంది. పెట్టకపోతే సోమవారం నుంచి నేలమాళిగలో, గోడౌన్‌లో పెట్టెలు మొయ్యాలి. పిన్నికి ఆయాసం. అక్కడ కిటికీ కూడా లేదు.

అవగాహన లేదట! పంతొమ్మిదేళ్లు ఊరి కాళ్లన్నీ చూసిన మనిషికి! పిన్ని ఇంటికి తెచ్చిన ఆ కాగితం చదువుతుంటే నాకు ఒళ్లు మండిపోయింది.

అమ్మ మాత్రం పిన్నినే తిట్టింది. "సంతకమే కదే, గీకి పారెయ్. పంతం కూడు పెడుతుందా? ఆ దుమ్ములో నీ ఊపిరేం కాను?"

"అక్కా, ఆ పిల్ల కాళ్లు నువ్వు చూడలేదు."

"అది నీ తప్పా? నేసింది నువ్వా?"

"అమ్మింది నేనేగా."

"నీతో వాదించేకంటే గోడకి సున్నం కొట్టుకోవడం నయం!"

"కొట్టు. గోడైనా తెల్లబడుతుంది."

నవ్వాం గానీ, ఆ తర్వాత ఎవరికీ నిద్ర పట్టలేదు.

సోమవారం నేనూ వెంట వెళ్లాను. మేనేజర్ ముందే పిన్ని ఆ మూడు వాక్యాలూ అడ్డంగా కొట్టేసి, కింద 'సరుకు నైలాన్. అబద్ధం చెప్పి అమ్మలేను' అని రాసి, దాని కింద సంతకం పెట్టింది. నా వైపు కూడా చూడకుండా గోడౌన్ మెట్లు దిగిపోయింది.

ఇది జరిగి రెండు నెలలు. అట్టముక్క చింపేశారు. ఆకు పెట్టెలు ఇంకా అమ్ముడుపోతూనే ఉన్నాయి, అవి కింద నుంచి పైకి మోస్తున్నది ఎవరో తెలుసా? మా పిన్నే! రోజూ సాయంత్రం దగ్గుకుంటూ ఇంటికొస్తుంది. అబద్ధం చెప్పినవాడు పైన ఏసీలో ఉన్నాడు. ఇదేం న్యాయమండీ?

ఒక్కటి ఒప్పుకోవాలి. ఆ రోజు అమ్మ 'గీకి పారెయ్' అన్నప్పుడు, ఇంత ఆవేశపడే నేను కూడా లోపల్లోపల సంతకం పెట్టేస్తే బాగుండు అనుకున్నాను. ఆ కాగితం మీ ముందు పెట్టి, కలం చేతికిచ్చి ఉంటే మీరేం చేసేవాళ్లు? నిజం చెప్పండి.