ఎల్లవ్వ మూడు గుంటలు

ఇన్నేండ్లు ఈ మాట గొంతుల ముల్లు లెక్క పెట్టుకొని తిరిగిన. ఎవ్వలకు చెప్పలె. ఇంట్ల చెప్పలె, చర్చిల మోకాళ్ల మీద ఉన్నప్పుడు సుత చెప్పలె. మీరెవరో నాకు తెల్వదు. గందుకే మీకు చెప్తున్న.

మెదక్ల సర్వే ఆఫీసుల నేను, విఠల్ పక్కపక్క కుర్చీలల్ల పని చేసేటోళ్లం. ఇద్దరం హైదరాబాద్ పోయి కంప్యూటర్‌కు ప్రోగ్రాం రాసుడు నేర్చుకొని వచ్చినం. కొత్త కాలువ కింద ఎవరి పొలం ఎంతనో మిషిన్ తోని లెక్క తియ్యాలె. ఆ లిస్టుల ఉన్నోళ్లకే నీళ్ల వంతు. ప్రోగ్రాం నేను రాస్తనన్న. విఠల్ అందరి ముందట నవ్వుకుంట అన్నడు: "మీ నాయిన జిందగంత గొలుసు గుంజిండు. నువ్వు సుత గదే గుంజు. మిషిన్ నీకెందుకు?"

మా నాయిన ఆ ఆఫీసులనే ఎండల కొలతగొలుసు గుంజి చేతులు కాయలు కాసినోడు. అందరు నవ్విండ్రు. నేను సుత నవ్విన. ఎందుకు నవ్విన? ఆ నవ్వే నన్ను కాల్చింది.

ప్రోగ్రాం విఠలే రాసిండు. సరిచూడమని నాకిచ్చిండ్రు. ఒక చిన్న మడి తీస్కొని చేతితోని లెక్క కట్టిన. తప్పు దొరికింది. హద్దురాళ్ల కొలతలన్ని ఎక్కడో దూరమున్న గుట్ట నుంచి తీసినయి, అన్ని ఆరంకెల సంఖ్యలు. రెండు గుణిస్తే పదకొండో పన్నెండో అంకెలొస్తయి. మిషిన్ ముందటి ఎనిమిదే పట్టుకుంటది, మిగిలినయి ఇడిసిపెడ్తది. అసొంటి పెద్ద సంఖ్యల్ల ఒకదాంట్ల నుంచి ఒకటి తీసేస్తే మిగిలేదే పొలం. ఎకరాలున్నోనికి ఫరక్ తెల్వదు. గుంటలున్నోని పొలం ఆ ఇడిసిన అంకెలల్లనే కొట్కపోతది. మందు సుత నాకు తెల్సు: ఊరి దగ్గరి ఒక రాయిని సున్నా అనుకొని, దాని కొలతను అన్నిట్ల నుంచి ముందుగాల తీసేసి, తర్వాత గుణిస్తే సరి.

"జర చెప్పు, తప్పేమన్న ఉన్నదా?" విఠల్ మర్యాదగనే అడిగిండు.

"ఏం లేదు. మంచిగుంది."

లిస్టు వచ్చింది. హవేలిఘనపూర్ ఎల్లవ్వకున్నదే మూడు గుంటలు, ఎకరంల పదో వంతు సుత కాదు. కాయితం మీద సున్నా. నీళ్ల వంతు రాలె. "సారూ, నా మడి యాడికి పోయింది? నిన్న అండ్లనే నిలబడ్డ గదా," అని ఆఫీసు మెట్ల మీద అడిగింది. నేను ఆమె దిక్కు చూడలె. తెల్లబోయిన విఠల్ మొఖమే చూస్తున్న. కడుపు నిండినట్టయింది.

నెల తిరగకముందే విఠల్‌ను ఎల్దుర్తికి, గొలుసోళ్ల ఎంబడి ఎండల పనికి పంపిండ్రు. అప్పుడు మందు బయటపెట్టిన. కుర్చీ నాకొచ్చింది. సరిచేసిన లిస్టుల ఎల్లవ్వ మూడు గుంటలు వచ్చినయి గని, అప్పటికే నారు ఎండిపోయింది. మడి ఇడిసి ఆమె పట్నం పోయిందని విన్న.

విఠల్‌కు గట్లయినందుకు బాధ ఉన్నదా? లేదు. ఇప్పటికి లేదు. మా నాయిన మాట ఎత్తితే మళ్ల గదే చేస్తనేమో. మరి ఎల్లవ్వ నన్నేం చేసింది?

ఎవరి పొలం పోతదో నాకు తెల్వదని ఇన్నేండ్లు నాకు నేనే చెప్పుకున్న. అబద్ధం. ఆనాడు నేను చేతితోని లెక్క కట్టిన మడి ఎల్లవ్వదే. కాయితం మీద ఆమె పేరు చదివిన. చదివినంకనే 'మంచిగుంది' అన్న.

మాఫీ అడుగుతలేను. దాస్తలేను, గంతే.