మూలికల జాబుల్లోంచి తీసేసిన పేరు

యానాం నుంచి పుదుచ్చేరి వచ్చి, పాత శాస్త్రవేత్తల ఉత్తరాలను కంప్యూటర్లోకి ఎక్కించే ఉద్యోగంలో చేరాను. స్కాన్ చేసి వదిలేస్తే సరిపోదు. ఎవరు ఎవరికి రాశారు, అందులో ఏ మొక్క ఉంది, దాన్ని మొదట చూసిందెవరు అనే ప్రతి సంగతినీ విడిగా నమోదు చేసి, ఒకదానికొకటి లంకె వెయ్యాలి. అప్పుడు ఒక్క పేరు వెతికితే చాలు, వేర్వేరు దేశాల్లో ఉన్న ఉత్తరాలన్నీ ఒకచోటికి వస్తాయి. ఈ పని నాకు నేర్పింది మా పై అధికారిణి. ఆఫీసులో తెలుగువాళ్లం మేమిద్దరమే. "మేడం ఏంటే, అక్కా అను" అంది. అలాగే పిలిచాను.

ఊళ్లో సారం అనే పేటలో నేను అద్దెకున్న ఇంటి అవ్వ తెలుగు మాట్లాడుతుంది, చదవడం రాదు. నా పని సంగతి విని ఒకరోజు ట్రంకుపెట్టెలోంచి గుడ్డమూట తీసింది.

"మా తాతకు తాత మూలికలాయనంట పాపా. దొరకి జాబులు రాసేవాడంట. ఏం రాసినాడో సదివి చెప్పు."

అవి ఒక ఫ్రెంచి వైద్యుడికి ఆయన రాసిన జాబుల నకళ్లు. సాయంత్రాలు కూర్చుని చదివి వినిపించాను. ఒకదానిలో వైతికుప్పం సముద్రతీరం ఇసుకలో పాకే తీగ, దాని ఆకు నూరి వాపులకు కట్టే తీరు ఉన్నాయి. అవే మాటలు ఆ తర్వాత ఆ వైద్యుడు పారిస్‌కు రాసిన, మా ఆఫీసులో ఉన్న ఉత్తరంలోనూ ఉన్నాయి, తానే కనిపెట్టినట్టు. నేను లంకె మార్చాను: మొదట చూసింది అవ్వ పూర్వీకుడు. అక్క తెర చూసి నా భుజం నొక్కింది. ఆయన పేరు అందరికీ కనిపిస్తుందని అవ్వకు మాటిచ్చి, ఆ మూట ఆఫీసుకు తెచ్చాను.

ఈ ఉత్తరాల వెబ్‌సైటు ప్రారంభానికి వారం ముందు జ్వరంతో ఆసుపత్రిలో పడ్డాను. మిగిలినది తను చూసుకుంటానంటే అక్కకు నా పాస్‌వర్డ్ చెప్పాను.

ప్రారంభం రోజు అవ్వ పట్టుచీర కట్టుకుని, కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. పేరు వెతికాను. ఏమీ రాలేదు. తీగను వెతికితే వైద్యుడి పేరొచ్చింది. ఏ మార్పు ఎవరు చేశారో వ్యవస్థలో నమోదవుతుంది. ఆ పేజీ తెరిచాను. ఆ లంకె తీసేసినచోట నా పేరుంది.

పక్కనే నిలబడ్డ కూతురు అది చదివింది. "అమ్మా, తీసింది ఈమెనే."

"ఏంది పాపా, నువ్వేనా?"

పాస్‌వర్డ్ సంగతంతా చెప్పాను. అవ్వ చివరిదాకా విని, "అదంతా నాకేం తెలుసు. నువ్వు సదివిందే నిజమని నమ్మినా" అంది.

వరండాలో అక్కను పట్టుకున్నాను. "వైద్యుడి ఉత్తరాలిచ్చిన సంస్థకి అది నచ్చలేదు. నాకు వాళ్ల ఫెలోషిప్ ఖాయమయ్యే టైములో గొడవెందుకని తీశాను" అంది, నా మొహం చూడకుండా.

"మరి నా పేరుతో ఎందుకు తీశావక్కా?"

లోపల ఎవరో పిలిస్తే వెళ్లిపోయింది.

ఆసుపత్రి చీటీలు జతచేసి ఫిర్యాదు రాశాను. కొన్ని నెలలకు పేరు తిరిగి పెట్టారు. అప్పటికే అక్క విదేశం వెళ్లిపోయింది. అవ్వ ఎప్పుడో మూట వెనక్కి తీసుకుంది. నన్ను ఇల్లు ఖాళీ చెయ్యమనలేదు, సాయంత్రాలు పిలవడం మాత్రం మానేసింది. పేరు వచ్చిందని చూపిద్దామని ఫోను పట్టుకెళ్లాను. అవ్వ మునగాకు దూస్తోంది.

"సరి" అంది. తలెత్తలేదు.