మా ఆయనకు లేని పక్క

ఇరవై రెండేళ్లుగా బడిలో సైన్సు చెప్తున్నాను. మెదడు పాఠం వచ్చిందంటే బోర్డు మీద పెద్ద గుండ్రం గీసి, నడుమ ఒక గీత కొట్టి, ఎడమ వైపు మాటలు, లెక్కలు అని, కుడి వైపు పాటలు, బొమ్మలు అని రాసేదాన్ని. లెక్కలు రాని పిల్లల్ని "నీకు కుడి సగం చురుగ్గా ఉందిలే" అని ఊరడించేదాన్ని కూడా. పొలం గట్టంత తేటగా ఉండేది నాకు ఆ గీత. ఇప్పుడు ఏ పిల్లైనా లేచి, ఏది ఎటు ఉంది టీచర్ అని అడిగితే ఏం చెప్పాలో నాకు తెలియడం లేదు.

పోయిన వానాకాలం మా ఆయనకు పక్షవాతం వచ్చింది. పొద్దున్నే పళ్లు తోముకుంటూ నల్లా దగ్గర కూలబడ్డాడు. పెనుబల్లి నుంచి ఖమ్మం దవాఖానాకు చేరేసరికి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. మెదడులో కుడి వైపు రక్తం గడ్డ కట్టిందన్నారు. కుడి మెదడుకు దెబ్బ తగిలితే ఎడమ చెయ్యి పడిపోతుందని నాకు తెలుసు. అంతవరకు నా పాఠం నిలబడింది. మాట కూడా పోలేదు. "నోరన్నా బాగుంది, అదే పదివేలు" అని మా ఆడపడుచు అంటే, "నోరు పోతే మీ వదినెతోటి ఎట్ల ఏగుత" అన్నాడు. వరండాలో ఉన్న నాకు అది వినిపించి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

ఏడుపుకు వేరే కారణం ఉంది. ఆ ముందు సాయంత్రం ఇద్దరం పోట్లాడుకున్నాం. మామిడి తోట కొట్టేసి పామాయిల్ పెడతానన్నాడు. ఆ మామిడి మొక్కలకు బిందెలతో నీళ్లు మోసినదాన్ని నేను. అసలే నా కోపం ముక్కు మీద ఉంటుంది. "నీ తలకాయల మెదడున్నదా, మట్టున్నదా" అనేశాను. ఆయన కంచం ముందు నుంచి లేచిపోయాడు. తెల్లారేసరికి ఆ తలకాయకే దెబ్బ తగిలింది. నా మాటకు రక్తం గడ్డ కట్టదని నాకు తెలియదా? తెలుసు. తెలిసినా లోపల గుబులు పోలేదు.

పది రోజులకు ఇంటికి తెచ్చుకున్నాం. పడిపోయిన చెయ్యి వైపు కుర్చీ వేసుకుని కూర్చునేదాన్ని. అడవి పల్లె నుంచి వచ్చే ఆవిడ ఇచ్చిన ఇప్పనూనెను గోరువెచ్చగా చేసి ఆ చేతికి రాసేదాన్ని. ఆయన నా వైపు ఒక్కసారీ చూసేవాడు కాదు. ఎప్పుడు చూసినా తల కుడి పక్కకు, కిటికీ వైపు తిరిగి ఉండేది. పరామర్శకు వచ్చినవాళ్లు కిటికీ దగ్గర నిలబడితే నవ్వుతూ వానల గురించి, పత్తి గురించి అడిగేవాడు. నేను పలకరిస్తే మాత్రం ముక్తసరిగా ఆ కిటికీకే జవాబిచ్చేవాడు.

ఆ మాట ఇంకా మనసులో పెట్టుకున్నాడనుకున్నాను. మనిషి సగం పడిపోయినా అలక మాత్రం నిండుగానే ఉందని ఉక్రోషం కూడా వచ్చింది. చివరికి ఒకరోజు అహం చంపుకుని, ఆయన ఎడమ చేతిని నా చేతిలోకి తీసుకుని ఆయన పొట్ట మీద పెట్టి, "తప్పయింది. ఆ మాట అనకుండా ఉండాల్సింది" అన్నాను. ఆయన కిటికీ వైపే చూస్తూ, "ఈ చెయ్యి ఎవరిది? బరువుగున్నది, తియ్యిండ్రి" అన్నాడు.

నా చెయ్యి వెనక్కి తీసుకున్నాను. వంటింట్లోకి పోయి రాత్రికి బియ్యం కడిగాను.

ఆ తర్వాత తిండి దగ్గర పేచీ మొదలైంది. కంచం నడుమ అన్నం, ఎడమ పక్క గోరుచిక్కుడు కూర వేసి ఇచ్చాను. కుడి పక్క అన్నం తిని, "ఇయ్యాల కూర చెయ్యలేదా?" అన్నాడు. మర్నాడు బీరకాయకూ అదే మాట. మూడో రోజు నాకు ఒళ్లు మండింది. నా చేతి కూర కూడా కంటికి ఆనడం లేదా అని కంచం లాక్కుని, మళ్లీ మనసొప్పక ఆయన ముందు టక్కున పెట్టాను. ఆ విసురుకు కంచం తిరిగి కూర కుడి పక్కకు వచ్చింది. "అవ్, ఇప్పుడేసిన్రా" అని కమ్మగా కలుపుకున్నాడు.

నేను కంచం మళ్లీ తిప్పాను. కూర ఎడమకు పోగానే ఆయన చెయ్యి ఆగిపోయింది. ఇంకోసారి తిప్పాను. మళ్లీ తిన్నాడు. "ఏంది, ఎందుకట్ల తిప్పుతున్నరు" అన్నాడు, ఎవరో పరాయి మనిషితో అన్నట్టు.

నేను మంచం చుట్టూ తిరిగి కిటికీ వైపుకు వెళ్లి నిలబడ్డాను. ఆయన కళ్లు నా ముఖం మీద పడ్డాయి, వెలిగాయి. "ఎప్పుడొచ్చినవ్? బడికి ఇన్నాళ్లు సెలవే దొరకలేదా?" అన్నాడు.

అలక కాదు. అసలు ఆయన లెక్కలో నేను లేను. సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. తీసెయ్యమన్నది నా చేతిని కాదు, తన చేతినే అని అప్పుడు తట్టింది.

ఖమ్మంలో డాక్టరును అడిగాను. "చూపు పోలేదు మేడం. ఆ పక్క ఒకటున్నదన్న సంగతే పోయింది. చుట్టూ ఏమున్నదో కనిపెట్టే పని ఎక్కువ కుడి మెదడుదే, అది రెండు దిక్కులా చూసుకుంటది. ఎడమది ఎక్కువగా కుడి పక్కే చూసుకుంటది" అన్నాడు. మరి పాటలు, బొమ్మలు, లెక్కలు అన్నాను. "మాట వరకు చాలామందికి ఎడమ వైపే. మిగిలిన వాటికి రెండు సగాలూ కలిసే పని చేస్తయ్. గట్ల గీత గీసినట్టు ఉండదు" అని నవ్వాడు. బస్సులో వస్తూ అదే ఆలోచన. నా బోర్డు ప్రకారం ఈయనకు పాట పోవాలి. ఈయనేమో పాత పాటలు శుభ్రంగా పాడుతున్నాడు, పక్కనున్న పెళ్లాం మాత్రం కనిపించడం లేదు. ఇది ఏ పాఠంలోది?

కుర్చీ కుడి పక్కకు మార్చుకున్నాను. ఆ వారం రోజులు ఇల్లు ఇల్లులా ఉంది. ఆయన నన్ను చూసి నవ్వేవాడు, నా జడ మీద హాస్యమాడేవాడు. క్షమాపణ మళ్లీ చెప్పబోతే, "కొట్లాటనా? ఎప్పుడు?" అన్నాడు. ఆ సాయంత్రం ఆయనకు గుర్తే లేదు. నా ఒక్కదాని దగ్గరే మిగిలింది అది.

తర్వాత సత్తుపల్లి నుంచి స్కూటీ మీద ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చింది. రాగానే నా కుర్చీ చూసి తల అడ్డంగా ఊపింది.

"మేడం, మీరు ఎడమ పక్కకు పోండి. నీళ్లైనా ఫోనైనా అటునుంచే ఇయ్యాలె, అటునుంచే పిలవాలె. అప్పుడే అటు తిరగడం నేర్చుకుంటడు."

"అటు కూసుంటే ఆయనకు నేను ఉండను గదమ్మా."

"అందుకే మేడం. మిమ్ముల్నే ఎక్కువ ఎతుకుతడు."

బాగవుతుందా అంటే, కొందరికి అవుతుందని మాత్రం అంది.

ఆమె వెళ్లాక కుర్చీ ఎత్తి ఎడమ పక్కకు వేసుకుని కూర్చున్నాను. కాసేపటికి ఆయన కిటికీని అడిగాడు, "ఏమే, ఎటు పోయినవ్?"

"ఈడనే ఉన్న" అన్నాను.

ఆయన కిటికీ వైపు వెతికాడు. తలుపు వైపు వెతికాడు. కుడి చేత్తో దిండు పక్కన తడిమాడు. "ఇటు కాదు, ఇటు" అని ఆయన ఎడమ భుజం తట్టాను. తల కొంచెం కదిలి, నడుమ దాకా వచ్చి, మళ్లీ కిటికీ వైపుకే పోయింది.

"గొంతు ఇనపడుతంది, మనిషి లేదు" అన్నాడు. గొంతులో భయం ఉంది. ముప్పై ఏళ్ల కాపురంలో ఆయన భయపడటం నేను వినలేదు.

మంచం చుట్టూ నాలుగు అడుగులు వేస్తే చాలు, ఆ భయం పోతుంది. నేను చేస్తున్నది మంచో, కసాయితనమో నాకు తెలియలేదు. కుర్చీ చెక్కను గట్టిగా పట్టుకుని, "ఇటు చూడయ్యా" అన్నాను.

ఆయన బాగున్న చేతిని కిటికీ వైపు చాపి, "రా, ఎందుకు దాక్కున్నవ్" అన్నాడు. నేను లేవలేదు.