పగులు మీద పాకించిన తీగ

డెబ్బైల మొదట్లో మేము గోదావరిఖనిలో కాపురం పెట్టాం. నా భర్త బొగ్గుబాయిలో దిగే మనిషి. క్వార్టర్ రావడానికి ఆలస్యమవుతుందన్నారు కనుక ఒక ముసలామె ఇంట్లో గది అద్దెకు తీసుకున్నాం. ఆమె భర్త ఎప్పుడో పోయాడు. కొడుకు రామకృష్ణాపూర్‌లో మెకానిక్కు. తన పెంకుటింటికి నడుమ ఒక పలచటి గోడ పెట్టించి, ఇటు సగం మాకిచ్చి, అటు సగంలో తాను ఉండేది. వాడకట్టులో అందరూ ఆమెను ఖాలా, అంటే పిన్ని, అనేవాళ్లు. నేనూ అట్లాగే పిలిచేదాన్ని.

మా సగానికి ఒకటే కిటికీ. మిట్టమధ్యాహ్నం కూడా బియ్యంలో రాళ్లు ఏరాలంటే గడప దగ్గర కూర్చోవాల్సిందే. బొగ్గు పొయ్యి పొగకు గోడలు నల్లటి మసి పట్టి ఉండేవి. పొలాల నడుమ పెరిగినదాన్ని, నాకు ఊపిరాడేది కాదు. ఒక రోజు ఖాలా తన గుమ్మం దగ్గరి మనీప్లాంటు కొమ్మ తుంచి ఇచ్చింది.

"నీళ్లల్ల పెట్టు బేటీ. మట్టి గూడ అక్కెర్లేదు. ఇల్లు పచ్చగ కనవడ్తది."

మాడిపోయిన బల్బు మూతి జాగ్రత్తగా ఊడదీసి, నీళ్లు పోసి, కొమ్మ పెట్టి కిటికీ ఊచకు వేలాడదీశాను. తెల్లటి వేర్లు గాజులోంచి కనిపించిన రోజు నా భర్త డ్యూటీ నుంచి వచ్చి, స్నానం కూడా చేయకుండా దాన్నే చూస్తూ నిలబడ్డాడు. దాంతో నాకు హుషారొచ్చింది. నూనె డబ్బాల్లో క్రోటన్లు, మందు సీసాల్లో తీగలు, పగిలిన కుండ అడుగులో రణపాల. పాత చెక్కపెట్టె బోర్లించి దాని మీద వరసగా పేర్చాను. పొద్దున తుడిచిన ఆకుల మీద సాయంత్రానికి నల్లటి నుసి పడేది. తడిగుడ్డతో మళ్లీ తుడిచేదాన్ని.

వానలు వెనకబట్టాక నడిమి గోడలో సన్నని గీత కనిపించింది. ముందు వెంట్రుకంత ఉండేది. తర్వాత గోరు పట్టేంత. నల్లరేగడి నేల వల్ల అని కొందరు, కింద బాయిలో బ్లాస్టింగు అదురుకు అని కొందరు అనేవాళ్లు. ఏదైతేనేం, కాళ్ల కింద భూమి దడదడమన్నప్పుడల్లా కిటికీ దగ్గర బల్బు ఊచకు తగిలి టింగుమనేది. నా చూపు గోడ మీదికి పోయేది.

"సున్నం పగిలింది గంతే. ఫికర్ చెయ్యకు," అన్నాడు నా భర్త. కానీ నేను అటు తిరగగానే ఆ గీతలో బొటనవేలి గోరు పెట్టి చూడటం గమనించాను. వేరే గది దొరికే రోజులు కావవి.

అంతలో మా అత్త వస్తున్నట్టు ఊరి మనిషితో కబురు పంపింది. నేను కడుపుతో ఉన్నానని తెలిసి చూడ్డానికి వస్తోంది. నన్ను ఇక్కడికి పంపడం ఆమెకు మొదటి నుంచీ ఇష్టం లేదు. "బాయిల మీద కాపురమేంది?" అని ఊళ్లో పెద్ద గొడవే చేసింది. ఈ పగులు చూసిందంటే నన్ను వెంటబెట్టుకు పోతుంది. ఆయన మళ్లీ హోటలు తిండి తిని కడుపునొప్పితో డ్యూటీకి పోతాడు.

గోడకు అటూ ఇటూ మేకులు కొట్టి, దారాలు కట్టి, పొడుగ్గా పెరిగిన తీగనంతా పగులు మీద పాకించాను. కింద క్రోటన్ల డబ్బాలు జరిపాను. చూసినవాళ్లకు ముచ్చటగా సింగారించినట్టే ఉంది. మర్నాడు చూస్తే రెండు మేకుల నడుమ ఒక దారం బిర్రుగా సాగి ఉంది. ఆ తర్వాతి రోజుకు తెగిపోయింది. మళ్లీ కట్టాను. ఈసారి వదులుగా ముడేశాను.

అత్త పచ్చడి జాడీ చంకన పెట్టుకుని దిగింది. లోపలికి రాగానే ముక్కు మీద వేలేసుకుంది.

"ఇంటినిండ చెట్లేంది పిల్లా? పాములు రావా?"

"ఇంత చిన్న డబ్బాలకు పాములెందుకొస్తయి అత్తా," అన్నాను, నవ్వు తెచ్చుకుని.

అన్నం తిన్నాక ఆమె చాప తీసుకుని సరిగ్గా ఆ గోడ కిందే పరిచింది.

"ఇటు పండుకో అత్తా, కిటికీ గాలొస్తది."

"ఈడనే సల్లగున్నది. గోడలకెళ్లి గాలొచ్చినట్టే ఉన్నది."

గిన్నెలు తోమే నెపంతో గడపలో కూర్చుని ఆమెనే చూస్తున్నాను. ఆయన పొద్దటి షిఫ్టులో ఉన్నాడు. ఇంకా రాలేదు. కాసేపటికి నేల అదిరింది. ఆకుల సందుల్లోంచి మట్టి పెళ్లలు రాలి అత్త చెంప మీద పడ్డాయి. ఆమె లేచి, తుడుచుకుని, పైకి చూసి, రెండు చేతులతో తీగను పక్కకు జరిపింది.

అప్పటికే వేలు దూరేంత అయిన పగులులో వేలు పెట్టి పొడిచింది. అవతలి నుంచి కేక వినిపించింది.

"యా అల్లా! ఎవరది?"

పగులుకు అవతల ఖాలా తన పాత బొంత వేలాడదీసి ఉంచిందట. వేలు ఆ బొంతకు తగిలింది. ఖాలా కొంగు సర్దుకుంటూ ఇటు పరుగెత్తుకొచ్చింది. తీగ పక్కకు పోయి ఉండటం చూసి గుమ్మంలోనే ఆగింది.

"గీ పగులు నాకు ఎరికే బేటీ," అంది నాతో, చిన్న గొంతుతో. "మీరు జూస్తే ఖాళీ జేసి పోతరని బొంత గట్టిన. ఒక్కదాన్ని ఎట్లుండాలె?"

"మా అత్త చూస్తదని నేను తీగ గట్టిన ఖాలా," అన్నాను. ఏడుపొచ్చింది.

అత్త మా ఇద్దరి మొహాలూ చూసింది. మూట సర్దుకోమంటుందని చూస్తున్నాను.

"మంచిగనే దాసుకున్నరు ఒకలకొకలు. మరి గోడకు చెప్పిన్రా, కూలకుమని?"

నా భర్త షిఫ్టు దిగి వస్తే చాయ్ కూడా తాగనివ్వలేదు. "జల్ది పో, మేస్త్రీని తోల్కరా" అని వెనక్కి పంపింది. మేస్త్రీ వచ్చి, కప్పు బరువు దీని మీద లేదనీ, కానీ ఇది నిలబడదనీ చెప్పాడు. మర్నాడు పొద్దున్నే మేమంతా బయట నిలబడ్డాం. గునపం తగిలీ తగలకముందే పైసగం మా వైపే ఒరిగి కూలింది, అత్త చాప పరిచిన చోటనే. ఆమె అరుగు మీద కూలబడి నా చేయి పట్టుకుంది.

నేల ఆరేదాకా కొత్త గోడ వద్దన్నాడు మేస్త్రీ. రెండిళ్ల నడుమ ఒక చీర కట్టాం. అది గాలికి ఎగురుతూ ఉంటే అత్తే చెక్కపెట్టెలు తెప్పించి ఒకదాని మీద ఒకటి పెట్టింది. నా డబ్బాలూ ఖాలా డబ్బాలూ కలిపి వాటి మీద నింపింది. కొన్ని ఆకులు అటు తిరిగి, కొన్ని ఇటు.

"ఊరికొస్తవా బిడ్డా?" అని అడిగింది ఒక సాయంత్రం.

"ఆయనకు వండేదెవరు అత్తా?"

ఆమె మళ్లీ అడగలేదు. తానే ఉండిపోయింది. మధ్యాహ్నాలు ఆమె ఇటు, ఖాలా అటు కూర్చుని, క్రోటన్ ఆకుల మీది నుసి తుడుస్తూ కాన్పుల గురించి మాట్లాడుకునేవాళ్లు. భూమి అదిరినప్పుడు ఇద్దరి మాటలూ ఆగిపోయేవి. నా చేయి కడుపు మీదికి పోయేది. తర్వాత అటు నుంచి ఖాలా గొంతు సవరించుకుని, "ఆ, ఏడిదాకా చెప్పిన?" అనేది.

ఎండాకాలానికి గోడ లేచింది. పిల్ల పుట్టాక మాకు క్వార్టర్ వచ్చింది. పోయేనాడు ఖాలా మళ్లీ ఒక కొమ్మ తుంచి ఇచ్చింది.