మెదడు లేని చోట మచ్చ

ఆ రోజుల్లో బళ్ళారిలో కంప్యూటరంటే చెప్పులు బయట విడిచి, ఏసీ గదిలోకి పోయి, దూరం నుంచి దణ్ణం పెట్టుకునే వస్తువు. గాంధీనగర్‌లో మా డాక్టర్ సారు స్కానింగ్ సెంటర్లో దానికి పూజారిని నేనే. డిగ్రీ అయ్యి, కంప్యూటర్ కోర్సు ముగించి కొత్తగా చేరాను. తల స్కాన్ తీసిన ఫిల్మును గాజుపలక మీద పరిచి మూత వేస్తే ఆ బొమ్మ కంప్యూటర్లోకి పోతుంది. సాఫ్ట్‌వేర్ మెదడును కొలిచి, తేడా కనిపించిన చోట ఎర్రగీత చుడుతుంది. (అది కొలుస్తున్నంతసేపూ నేను ఊపిరి బిగబట్టేదాన్ని. ఇప్పుడు పాప చంకలో థర్మామీటరు పెట్టినా అంతే.)

దసరా సెలవులయ్యి సెంటర్ తెరిచిన రోజు, కప్పగల్లు నుంచి ఒకామె తలనొప్పితో ఏడుస్తున్న కూతుర్ని తీసుకొచ్చింది. ఫిల్ము చూసి సారు "క్లీన్‌గానే ఉండాదే" అన్నాడు. కంప్యూటర్ మాత్రం కుడిపక్క ఒక గుండ్రటి మచ్చను చుట్టి చూపించింది. సారు ముఖం మారిపోయింది. "మన కంటికి కనపడంది చూస్తాదనే కదమ్మా దీన్ని తెచ్చింది? రాత్రి బస్సుకే బెంగళూరు పంపిద్దాం, ఆపరేషన్ కావాల్సొస్తాదేమో." నేను బయటికి రాగానే ఆ తల్లి నా చెయ్యి పట్టుకుంది. "ఏమ్మా, నా బిడ్డ తలకాయిలో ఏముండాదంట?" "ఏం లేదక్కా, మిషన్ సతాయిస్తాంది" అనేశాను. నోటికొచ్చిన అబద్ధం. బస్సు టైముకల్లా దాన్ని నిజం చేసే పని నామీద పడింది.

సాఫ్ట్‌వేర్ తీసేసి, ఫ్లాపీలు ఒక్కొక్కటే పెట్టి మళ్ళీ ఎక్కించాను. మచ్చ. వెలుతురు పెంచితే మచ్చ పలచబడింది, తగ్గిస్తే నల్లబడింది, కదల్లేదు మాత్రం. బెంగళూరు కంపెనీకి ఎస్టీడీ చేస్తే ఇంజనీరు "ఆఫ్ మాడి ఆన్ మాడి, మేడమ్" అన్నాడు. ఆపి, మళ్ళీ వేసి, అదీ మాడాను. మచ్చ! పాత ఫిల్ములు తీసి పెట్టాను. బజారులో బట్టల శెట్టిగారికీ అదే చోట మచ్చ, బాగున్నావు పో అని ఎప్పుడో పంపేసిన లారీ డ్రైవరుకూ అదే మచ్చ. సారు తొంగి చూసి, "ఏందమ్మా ఇది, ఊరంతటికీ గడ్డలేనా?" అంటూ తన తల తడుముకున్నాడు. చివరికి ఫిల్మే పెట్టకుండా మూత వేశాను. మెదడే లేదు. మచ్చ ఉంది.

అప్పుడు మోకాళ్ళ మీద కూర్చుని, ఎత్తిన మూత కిందికి తల దూర్చి పైకి చూశాను. మూత లోపలివైపు తెల్లటి పలక మీద ముద్దుగా, గుండ్రంగా కుంకుమబొట్టు! సారుకు క్యారియర్ తెచ్చిన వాళ్ళమ్మ (మాకందరికీ అవ్వే) అప్పుడే గుమ్మంలో అడుగు పెట్టింది.

"అమ్మా! మిషన్లకు బొట్లు పెట్టద్దని చెప్పినా కదా!"

"పైన పెడితే నువ్వు తుడిచేస్తావని లోపల పెట్టినా, నాయనా. ఆయుధపూజ పూట సైకిలుకు సైతం బొట్టుంటాది. దీనికొక్కదానికే బోసిముఖమా?"

స్పిరిట్ దూదితో తుడిచి, ఆ పిల్ల ఫిల్ము మళ్ళీ పెట్టాను. ఊపిరి బిగబట్టాను. గీత చుట్టలేదు. సారు ఈసారి పిల్లను కూర్చోబెట్టి గోడమీది క్యాలెండరు చదవమంటే అది కళ్ళు చికిలించింది. కావలసింది ఆపరేషన్ కాదు, కళ్ళద్దాలు. సంగతంతా విన్న తల్లి, "ఆ కుంకుమ యాడుండాదమ్మా?" అని అడిగి, నా చేతిలోని దూది తీసుకుని పిల్ల నుదుటికి అద్దింది. చదువుకున్నదాన్ని కదా, మానిటరు వెనక దాక్కుని ఎంత నవ్వానో!

ఈ సాయంత్రం మా పాప మంచం మీంచి పడింది. నుదుటి మీద చిన్న బొప్పి. డాక్టరు ఏమీ లేదన్నాడు. "ఆ దీపమార్పి పడుకోవే, ఇంకెన్నిసార్లు చూస్తావు?" అని మా ఆయన కూడా నిద్రపోయాడు. ఏమీ లేదని నాకూ తెలుసు. అయినా లేచిపోయి బొప్పి పక్కన ఇంత కుంకుమ పెట్టి వచ్చి ఇది రాస్తున్నాను. మానిటరు వెనకనుంచి అప్పటి నేను, ఆ చదువుకున్న పిల్ల, ఇంకా నవ్వుతూనే ఉంది. నవ్వనీ పాపం, దానికింకా పిల్లల్లేరు.